మార్కుకు ఎన్ని ఫ్రాంకులు? 1949 నుంచి 2001 దాకా లెక్క కట్టే పద్ధతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఒక జర్మన్ మార్కుకు ఎన్ని ఫ్రెంచ్ ఫ్రాంకులు వచ్చేవో 1950 నుంచి 2001 దాకా ఏడాదికో అంకె చొప్పున పట్టిక కావాలి. రెండు దేశాల డాలరు రేట్లూ డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్రాన్స్ అంకెను జర్మనీ అంకెతో భాగించారు. 1998కి 3.35 వచ్చింది, 1999కి సరిగ్గా 1 వచ్చింది. ఒక పాత పుస్తకంలో 1959కి 117 అని ఉంటే మీ ఎక్సెల్‌లో 1.17 ఉంది. 1969లో ఫ్రాంకు విలువ తగ్గింపును ఒకరు 11.1 శాతం అంటే ఇంకొకరు 12.5 శాతం అన్నారు. వీటిలో ఏది తప్పు అన్నది మీ ప్రశ్న.

ఒక్క అంకె కూడా తప్పు కాదు. తేడా అంతా ఆ అంకె దేన్ని కొలుస్తోంది అన్న దగ్గర ఉంది. బ్యాంకు ఫారెక్స్ విభాగంలో చాలాకాలం ఈ లెక్కల మధ్యే కూర్చున్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మీకు టెన్షన్ పెట్టిన 1999 సంగతి చూద్దాం. ప్రపంచ బ్యాంకు పట్టికలో 1998 సగటు ఫ్రాన్స్‌కి డాలరుకు 5.8995, జర్మనీకి 1.7597. భాగిస్తే 3.3526. మరుసటి ఏడాది రెండు దేశాల ఎదురుగానూ 0.9386 అని ఒకటే అంకె ఉంటుంది. అది ఫ్రాంకూ కాదు, మార్కూ కాదు, యూరో. 1999 జనవరి 1 నుంచి రెండు దేశాల కరెన్సీ యూరోనే కాబట్టి పట్టిక కూడా అక్కడ మారిపోయింది. మీరు యూరోని యూరోతో భాగించారు, 1 వచ్చింది. మార్కు కుప్పకూలలేదు.

కానీ నోట్లు 2002 జనవరి దాకా రాలేదు. ఆ మూడేళ్లూ జనం జేబుల్లో ఉన్నవి మార్కులూ ఫ్రాంకులే. అప్పుడు వాటి మధ్య రేటు ఎంత? 1998 డిసెంబరు 31న ఖరారైన అంకెల ప్రకారం ఒక యూరోకు 1.95583 మార్కులు, 6.55957 ఫ్రాంకులు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 3.35385 చిల్లర వస్తుంది. మీ పట్టికలో 1999, 2000, 2001 మూడింటికీ 3.3539 అని రాసేయండి. అది సగటు కాదు, ఆ మూడేళ్లలో ఒక్క రోజు కూడా మారని రేటు.

ఇక్కడ ఒక చిన్న మెలిక. మార్కును ఫ్రాంకులోకి నేరుగా మార్చడానికి చట్టం ఒప్పుకునేది కాదు. ముందు మార్కును యూరోలోకి మార్చాలి, ఆ యూరో మొత్తాన్ని కనీసం మూడు దశాంశ స్థానాల దాకా ఉంచాలి, తర్వాత దాన్ని ఫ్రాంకులోకి మార్చాలి. పది లక్షల మార్కులు తీసుకుందాం. 1.95583తో భాగిస్తే 5,11,291.881 యూరోలు. దాన్ని 6.55957తో గుణిస్తే 33,53,854.88 ఫ్రాంకులు. అలా కాకుండా సులువుగా ఉంటుందని 3.35386తో గుణించేస్తే 33,53,860 వస్తుంది. తేడా అయిదు ఫ్రాంకులు. మీ ప్రాజెక్టుకి ఇది లెక్కలోకి రాదు కానీ, రోజుకి వేల లావాదేవీలు చేసే బ్యాంకులో ఇలాంటి అయిదులు చేరితే సాయంత్రానికి ఖాతా సరితూగదు. అందుకే ఆ నిబంధన అంత ఖచ్చితంగా పెట్టారు.

తర్వాత 117 గొడవ. 1960 జనవరి 1న ఫ్రాన్స్ కొత్త ఫ్రాంకు తెచ్చింది. వంద పాత ఫ్రాంకులు ఒక కొత్త ఫ్రాంకు. 1958 డిసెంబరు చివర్లో డాలరుకు 493.706 పాత ఫ్రాంకులు, 4.20 మార్కులు. భాగిస్తే మార్కుకు 117.55. కొత్త ఫ్రాంకుల్లో చెబితే 1.1755. మీ పాత పుస్తకం ఆ కాలం ఫ్రాంకుల్లోనే రాసింది. డౌన్‌లోడ్ చేసిన పట్టిక వెనకటి ఏళ్లను కూడా కొత్త ఫ్రాంకుల్లోకి మార్చి పెట్టింది. రెండూ ఒకటే. ఫ్రాన్స్‌లో పెద్దవాళ్లు ఇళ్ల ధరలు, లాటరీ మొత్తాలు పాత ఫ్రాంకుల్లోనే చెప్పడం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు సాగింది. కాబట్టి 1970లలో వచ్చిన రాతలో కూడా 'కోటి ఫ్రాంకులు' అని కనబడితే ఏ ఫ్రాంకులో చూసుకోండి.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. పారిస్‌లో రేటు చెప్పేది వంద మార్కులకు ఇన్ని ఫ్రాంకులు అని. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చెప్పేది వంద ఫ్రాంకులకు ఇన్ని మార్కులు అని. 1990లలో పారిస్ అంకె 335 దరిదాపుల్లో ఉంటే అదే రోజు ఫ్రాంక్‌ఫర్ట్ అంకె 29.8. పారిస్‌వాళ్ల 335 చూసి పాత ఫ్రాంకులనుకునేరు. అవి కొత్త ఫ్రాంకులే, కాకపోతే వంద మార్కులకు. వందకు వంద సరిపోవడం వల్ల రెండు అర్థాల్లోనూ అంకె ఒకటే కనబడుతుంది. ఈ ఒక్క కారణంగా తలకిందులైన పట్టికలు నేను చాలానే చూశాను.

ఇప్పుడు అసలు విషయం. ఏడాది సగటు అంటేనే ఈ జంటకి సరిపడని కొలత. ఇవాళ్టి యూరో, డాలరు మాదిరి నిమిషనిమిషానికీ బజారులో తేలే రేటు కాదు ఇది. 1971 దాకా, మళ్ళీ 1979 నుంచి 1998 దాకా, దీన్ని ప్రభుత్వాలు కూర్చుని నిర్ణయించాయి. ఒక అంకె పెట్టుకుని, దాని చుట్టూ చిన్న పరిధి గీసి, కాపాడుకున్నన్ని రోజులు కాపాడుకుని, చేతకానప్పుడు శనాదివారాల్లో సమావేశమై సోమవారం కొత్త అంకె ప్రకటించేవాళ్లు. అందుకని మీ గ్రాఫు నున్నటి గీతలా కాకుండా మెట్లలా ఉండాలి. ఏడాది సగటు తీస్తే ఆ మెట్లన్నీ అరిగిపోతాయి.

మెట్లు వరసగా చెబుతాను. 1949 సెప్టెంబరులో బ్రిటిష్ పౌండు పడిపోయిన కొద్ది రోజుల్లోనే ఈ రెండూ సర్దుకున్నాయి. డాలరుకు 350 ఫ్రాంకులు, 4.20 మార్కులు. మార్కుకు 83.33 పాత ఫ్రాంకులు. మీ లెక్క ఇక్కణ్ణుంచి మొదలుపెడితే చాలు. అంతకుముందు ఫ్రాన్స్‌లో ఒకే రోజు రెండు మూడు రేట్లు నడిచేవి, ఆ ఊబిలోకి దిగొద్దు. 1957లో ఫ్రాంకు డాలరుకు 420కి దిగింది. ఆగస్టులో ముందు దిగుమతుల మీద అదనపు సుంకం, ఎగుమతులకు ప్రోత్సాహకం పేరుతో దొడ్డిదారిన చేసి, అక్టోబరులో అన్నింటికీ వర్తింపజేశారు. కాబట్టి రెండు తేదీలు కనబడితే కంగారు పడొద్దు. 1958 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని ద గాల్ ప్రభుత్వం ఫ్రాంకును 493.706కి దించింది. మార్కు 117.55 పాత ఫ్రాంకులైంది అప్పుడే. 1961 మార్చిలో కదిలింది జర్మనీ. మార్కు విలువను 5 శాతం పెంచి డాలరుకు 4.00 చేశారు. మార్కు 1.2343 కొత్త ఫ్రాంకులకు చేరింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు కదలిక లేదు.

1969 దగ్గర కాసేపు ఆగాలి. మీ 11.1, 12.5 తగాదా ఇక్కడిదే. 1968 మే సమ్మెల తర్వాత ఫ్రాన్స్‌లో జీతాలు బాగా పెరిగాయి, డబ్బు సరిహద్దు దాటి జర్మనీకి పోతోంది. నవంబరులో ఫ్రాంకు విలువ తగ్గుతుందని లోకమంతా అనుకుంటుంటే అధ్యక్షుడు ద గాల్ ససేమిరా అన్నాడు. 1969 ఏప్రిల్‌లో ఆయన దిగిపోయాడు, ఆ స్థానంలోకి పాంపిడూ వచ్చాడు. ఆగస్టులో, దేశమంతా సెలవుల్లో ఉన్నప్పుడు, చడీచప్పుడు లేకుండా ప్రకటించేశారు. డాలరు 4.93706 ఫ్రాంకుల నుంచి 5.55419కి పెరిగింది.

ఈ రెండు అంకెల్నే రెండు వైపుల నుంచి చూడండి. డాలరు ఖరీదు ఎంత పెరిగింది? 5.55419ని 4.93706తో భాగిస్తే 1.125, అంటే 12.5 శాతం. ఫ్రాంకు విలువ ఎంత తగ్గింది? 4.93706ని 5.55419తో భాగిస్తే 0.889, అంటే 11.1 శాతం తగ్గింది. ప్రభుత్వాలు తమ డబ్బు ఎంత తగ్గిందో చెబుతాయి, దిగుమతిదారు డాలరు ఎంత పెరిగిందో చూసుకుంటాడు. మనకి తెలిసిన ఉదాహరణ 1966 జూన్ 6. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50 అయింది. రూపాయి విలువ 36.5 శాతం తగ్గింది అని పాఠ్యపుస్తకాల్లో చదివాం. అదే డాలరు వైపు నుంచి చూస్తే 57.5 శాతం పెరుగుదల. మార్పు చిన్నదైతే ఈ రెండింటి మధ్య తేడా కనబడదు, పెద్దదైతే ఇలా నోరెళ్లబెట్టేలా చేస్తుంది. పట్టిక కింద మీరు ఏ వైపు నుంచి లెక్కపెట్టారో ఒక వాక్యం రాయండి, చాలు.

ఆ ఏడాది కథ అంతటితో ఆగలేదు. సెప్టెంబరు 28న జర్మనీలో ఎన్నికలు. మార్కు విలువ పెంచాలా వద్దా అన్నదే ప్రచారంలో పెద్ద రగడ. ఎన్నికలు ముగిశాక మార్కును నాలుగు వారాలు బజారుకి వదిలేశారు. అక్టోబరు చివర్లో కొత్త చాన్సలర్ బ్రాండ్ట్ ప్రభుత్వం డాలరుకు 3.66 దగ్గర నిలబెట్టింది. అంటే 1969లో మార్కు ఆగస్టు దాకా 1.2343, తర్వాత 1.3885, ఏడాది చివరికి 1.5175 ఫ్రాంకులు. మూడు నెలల్లో దాదాపు 23 శాతం. ఏడాది సగటు కడితే 1.32, 1.33 మధ్య ఏదో వస్తుంది. ఏ అధికారిక పత్రంలోనూ ఎన్నడూ లేని రేటు అది. సగటు మీద నాకున్న అపనమ్మకానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

1971 నుంచి 1979 దాకా గందరగోళం. 1971 డిసెంబరులో వాషింగ్టన్ ఒప్పందంతో డాలరుకు 3.2225 మార్కులు, 5.1157 ఫ్రాంకులు అనుకున్నారు. మార్కు 1.5875 అయింది. 1973 మార్చికల్లా అదీ పోయింది. తమ రేట్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంచుకోవాలని యూరప్ దేశాలు తమలో తాము కట్టుకున్న 'స్నేక్' ఏర్పాటులోంచి ఫ్రాన్స్ 1974 జనవరిలో బయటికి పోయి, 1975 జూలైలో తిరిగొచ్చి, 1976 మార్చిలో మళ్ళీ బయటికి పోయింది. ఈ ఏడెనిమిదేళ్లకు మాత్రం నెలవారీ సగటు వాడండి, మరో దారి లేదు. ఒక జాగ్రత్త: 1971 ఆగస్టు నుంచి 1974 మార్చి దాకా ఫ్రాన్స్‌లో రెండు ఫ్రాంకులు ఉండేవి. సరుకుల వ్యాపారానికి కమర్షియల్ ఫ్రాంకు, పెట్టుబడులకు ఫైనాన్షియల్ ఫ్రాంకు. ఒకే రోజుకి రెండు అంకెలు కనబడితే ఇదీ కారణం. మీ అంశం వ్యాపారం అయితే కమర్షియల్ తీసుకోండి.

1979 మార్చి 13న యూరప్ దేశాలు తమ కరెన్సీల మధ్య రేట్లను కట్టడి చేసుకునే యూరోపియన్ మానిటరీ సిస్టమ్ మొదలైంది. ఇక్కణ్ణుంచి పని సుఖం. ప్రతి జంటకూ ఒక సెంట్రల్ రేటు, దానికి అటూ ఇటూ 2.25 శాతం పరిధి. మార్కుకు మొదటి సెంట్రల్ రేటు 2.3095 ఫ్రాంకులు. 1979 సెప్టెంబరులో 2.3557 అయింది, 1981 అక్టోబరులో 2.5621, 1982 జూన్‌లో 2.8340, 1983 మార్చిలో 3.0665, 1986 ఏప్రిల్‌లో 3.2562, 1987 జనవరిలో 3.35386. ఆరు మెట్లు, అంతే. చివరి అంకెను పైన చెప్పిన యూరో లెక్కతో పోల్చి చూడండి. 1987లో కూర్చుని రాసుకున్న అంకెతోనే, పన్నెండేళ్ల తర్వాత, ఈ రెండు కరెన్సీలూ యూరోలో కలిశాయి. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది అదే.

ఈ ఆరింటిలో 1983 మార్చి వేరు. 1981 మేలో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నికల్లో మిత్తరాఁ గెలిచాక జీతాలు, ఖర్చులు పెరిగాయి. ఫ్రాన్స్‌లో ధరలు ఏడాదికి 13 శాతం దాటి పెరుగుతుంటే జర్మనీలో 6 శాతం దరిదాపుల్లో ఉన్నాయి. రెండు సార్లు ఫ్రాంకును తగ్గించినా చాలలేదు. మార్చిలో స్థానిక ఎన్నికలు ముగియగానే ఈ వ్యవస్థలో ఉందామా, బయటికి పోదామా అన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఉండిపోవాలనే తేల్చుకున్నారు. ఆర్థిక మంత్రి డెలోర్ బ్రస్సెల్స్‌లో గట్టిగా బేరమాడి, భారమంతా ఫ్రాంకు నెత్తిన పడకుండా మార్కును 5.5 శాతం పెంచేలా ఒప్పించుకున్నాడు. ఫ్రాంకు తగ్గింది 2.5 శాతమే. రెండూ కూడి 8 అనుకోకండి. 1.055ని 0.975తో భాగించాలి, 8.2 వస్తుంది.

ఇక్కడే ఇంకో సూక్ష్మం ఉంది. సెంట్రల్ రేటు మారినంత మాత్రాన బజారు రేటు అంతే మారాలని లేదు. 1983లో పాత పరిధి పైకొస సుమారు 2.90, కొత్త పరిధి కిందికొస సుమారు 3.00. రెండింటి మధ్య ఖాళీ ఉంది. కాబట్టి సమావేశానికి ముందుకీ తర్వాతకీ మధ్య బజారు రేటు ఎగిరి తీరాలి. ఫ్రాంకులు అప్పు తెచ్చి మార్కులు కొన్నవాళ్లకు ఆ కొద్ది రోజుల్లోనే లాభం పండింది. 1987లో అలా కాదు. పాత పైకొస సుమారు 3.33, కొత్త కిందికొస 3.28. రెండు పరిధులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కాగితం మీద 3 శాతం మారినా బజారులో అంత కుదుపు అవసరం లేకపోయింది. మీ ప్రాజెక్టు స్పెక్యులేషన్ (రేటు మారుతుందని పందెం కాయడం) గురించైతే ఈ తేడా మీదే ఒక అధ్యాయం రాసుకోవచ్చు.

సెంట్రల్ రేటు మాత్రమే చూస్తే దొరకని సంఘటన కూడా ఒకటుంది, 1993. ముందటి ఏడాది సెప్టెంబరులో బ్రిటిష్ పౌండూ ఇటలీ లీరా ఈ వ్యవస్థలోంచి బయటికి పోయాయి, ఫ్రాంకు ఎలాగో నిలబడింది. 1993 జూలైలో ఫ్రాంకును అమ్మేసేవాళ్ల దాడి మళ్ళీ మొదలైంది. మార్కు పరిధి పైకొస 3.4305ని గుద్దుకుంది. ఫ్రాన్స్ మాత్రం విలువ తగ్గించడానికి ఒప్పుకోలేదు. ఆగస్టు 2న పరిధినే 2.25 నుంచి 15 శాతానికి పెంచేశారు. సెంట్రల్ రేటు 3.35386 చెక్కుచెదరలేదు, అందుకే మీ గ్రాఫులో 1987 నుంచి 1998 దాకా గీత చదునుగా కనబడుతోంది. బజారులో మాత్రం మార్కు ఆ శరత్కాలంలో 3.50 దాటింది, ఏడాది చివరికి 3.40 దరిదాపులకు తిరిగొచ్చింది. కాబట్టి 1979 తర్వాతి కాలానికి రెండు కాలమ్స్ పెట్టండి: ఒకటి సెంట్రల్ రేటు, రెండోది నెలవారీ బజారు సగటు. బజారు అంకెలకు జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ వెబ్‌సైటులో టైమ్ సిరీస్ విభాగం చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ మధ్యాహ్నపు ఫిక్సింగ్ రేట్లు అక్కడ ఉన్నాయి. అవి వంద ఫ్రాంకులకు మార్కులు అన్నది మర్చిపోవద్దు.

వాటిని మార్కుకు ఫ్రాంకులుగా తిరగేసేటప్పుడు రోజువారీ అంకెల్ని ముందు తిరగేసి తర్వాత సగటు కట్టండి, సగటు కట్టి తిరగేయొద్దు. చిన్న ఉదాహరణ. ఒక నెల 3.00, ఇంకో నెల 3.40 అనుకోండి. సగటు 3.20. వాటినే వంద ఫ్రాంకులకు మార్కుల్లో రాస్తే 33.33, 29.41. సగటు 31.37. దాన్ని తిరగేస్తే 3.1875. రేటు నిలకడగా ఉన్న ఏళ్లలో ఈ తేడా లెక్కలోకి రాదు, 1969 లాంటి ఏడాదిలో వస్తుంది.

మీరు చివర్లో ఒక మాట అన్నారు: 83 నుంచి 335కి పోయింది కాబట్టి యాభై ఏళ్లలో ఫ్రెంచివాళ్లు జర్మన్లతో పోలిస్తే నాలుగో వంతుకి పేదవాళ్లయ్యారు అని. ఆ ముక్క ప్రాజెక్టులోంచి తీసేయండి. ఫ్రాన్స్‌లో ధరలూ జీతాలూ జర్మనీ కన్నా వేగంగా పెరిగాయి, రేటు చాలామటుకు ఆ తేడాను సర్దింది. 1960లలో ఫ్రాన్స్ వృద్ధి జర్మనీకి ఏమాత్రం తీసిపోలేదు. ఎవరి కొనుగోలు శక్తి ఎంత మారిందో తేల్చాలంటే రెండు దేశాల ధరల సూచీలు తెచ్చి, రేటును వాటితో సవరించి చూడాలి. అది చేశాక మెట్ల గ్రాఫు పక్కన పెడితే, ఒక్కో విలువ తగ్గింపు ఇచ్చిన వెసులుబాటు ఎన్నాళ్లు నిలిచిందో కూడా తెలుస్తుంది.

ఇంకొక్కటి, మీరు అడగకపోయినా. 1985లో యూరో రేటు ఇంత అని చూపించే సైట్లు ఉంటాయి. అప్పటికి యూరో లేదు. కొన్ని సైట్లు ఈసీయూ (యూరోకు ముందు యూరప్ కరెన్సీలు కొన్ని కలిపి కట్టిన లెక్కల యూనిట్) అంకెను పెడతాయి, అందులో బ్రిటిష్ పౌండు కూడా ఒక భాగం. కొన్ని మార్కు రేటును 1.95583తో సర్ది చూపిస్తాయి. ఏది చేశారో రాయని సైటు నుంచి 1999 ముందటి యూరో అంకె తీసుకోకండి. మీ పనికి అది అవసరం కూడా లేదు, మార్కూ ఫ్రాంకూ నేరుగా దొరుకుతున్నాయి కదా. 1971–79 భాగం కట్టేటప్పుడు ఎక్కడైనా రెండు అంకెలు పొసగకపోతే, ఆ తేదీ, రెండు అంకెలూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.